మెదక్ పట్టణంలో పెరటి పూలతీగలు

మెదక్ వంటి మెట్ట ప్రాంతపు పట్టణంలో ప్రహరీకి, డాబాకు, గుమ్మం మీది పందిరికి పాకించదగిన పూలతీగల్లో రాధామనోహరం, కాగితం పూలు (బోగన్‌విల్లా), శంఖుపుష్పం, కాశీరత్నం ముఖ్యమైనవి. ఇక్కడ వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పడమటి గోడ మధ్యాహ్నమంతా కాగి, రాత్రి పొద్దుపోయే దాకా గదిలోకి వేడి వదులుతుంది. ఆ గోడకు జానెడు ఎడంగా జాలీ కట్టి తీగను ఎక్కిస్తే ఎండ ఆకుల మీదే ఆగిపోతుంది, వెనక గాలి ఆడుతుంది. అందుకే ఈ ఊళ్లో పూలతీగను కేవలం అలంకారమనుకోవడం సరికాదు.

తీగను ఎంచుకునే ముందు అది ఎలా ఎక్కుతుందో తెలుసుకోవాలి. పాకే మొక్కల కదలికలను గమనించిన చార్లెస్ డార్విన్ 1865లో వాటిని ఎక్కే తీరును బట్టి విభజించాడు. శంఖుపుష్పం, కాశీరత్నం కాండంతోనే ఆధారాన్ని చుట్టుకుంటాయి; వాటికి పురికొస, సన్నని వెదురుబద్ద చాలు. మనీ ప్లాంట్ కణుపుల దగ్గర వేళ్లూని గోడనో చెట్టునో పట్టుకుంటుంది. బోగన్‌విల్లాకు ముళ్లే ఆధారం. దాన్ని మనమే కట్టాలి, బరువు మోసే ఇనుప చట్రం ఇవ్వాలి.

వీటన్నిటిలో రాధామనోహరానిదే మొదటి స్థానం. సాయంత్రం తెల్లగా విచ్చుకున్న పువ్వు మర్నాటికి గులాబీ రంగుకు, ఆ తర్వాత ఎరుపుకు తిరుగుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపించేది అందువల్లే. పువ్వు కింది సన్నని పొడవాటి గొట్టంలోని తేనె కోసం చీకటిపడ్డాక పొడవైన తొండమున్న రెక్కల పురుగులు వస్తాయి. రంగు తిరిగిన పూల మీద పగలు తేనెటీగలు వాలతాయి. ఆకు రాలినా కాడ మొదలు గట్టిపడి కొక్కెంలా మిగులుతుంది, తీగ దానితోనే పైకి ఎగబాకుతుంది. మొదలు దగ్గర పిలకలు వేస్తుంది కాబట్టి ఇంటి పునాదికి దూరంగా నాటడం మంచిది.

బోగన్‌విల్లా బ్రెజిల్ మొక్క. 1766–69 మధ్య ఫ్రెంచి నావికుడు బోగన్‌విల్ ప్రపంచాన్ని చుట్టివచ్చిన యాత్రలో వృక్షశాస్త్రజ్ఞుడు కొమర్సన్ దాన్ని గుర్తించాడు. మనం పూరేకులనుకునే రంగురంగులవి పుష్పపుచ్ఛాలు, అంటే పువ్వును ఆనుకుని ఉండే ఆకులు. అసలు పువ్వు వాటి నడుమ ఉండే చిన్న తెల్లని గొట్టం. నీళ్లు ఎక్కువైతే ఆకు పెరిగి పూత తగ్గుతుంది. ఎండాకాలంలో నీటికి కటకటపడే ఇళ్లకు ఇంతకన్నా తగిన తీగ లేదు.

నాటడానికి తొలకరి అదను. ఎర్ర చలక నేలలో తడి త్వరగా ఆరుతుంది కాబట్టి గుంతలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, మొదలు చుట్టూ ఎండుటాకులు కప్పాలి. శంఖుపుష్పం గింజలను రాత్రంతా నానబెట్టి వేస్తే త్వరగా మొలుస్తాయి. చిక్కుడు జాతిది కనుక దాని వేరుబుడిపెలు నేలకు నత్రజనినిస్తాయి. లేత తీగలను ఆధారానికి గుడ్డ పేలికలతో వదులుగా కట్టాలి. ఇనుప తీగతో బిగిస్తే కాండం లావెక్కేకొద్దీ బెరడు కోసుకుపోతుంది.