తాళం పడిన ల్యాప్‌టాప్

ఎఫ్10 నొక్కాడు. సేవ్ చేయాలా అని తెర అడిగితే ‘ఎస్’ మీద ఎంటర్ కొట్టాడు. ల్యాప్‌టాప్ ఆరి మళ్లీ వెలిగింది. ఆత్రంగా బయోస్‌లోకి వెళ్లి చూశాడు. ఇందాక మార్చినదేదీ అక్కడ లేదు.

2017 డిసెంబర్. అక్టోబర్ 19న విడుదలైన ఉబుంటు లినక్స్ 17.10కి అప్‌గ్రేడ్ చేసుకున్నప్పుడు ఏ ఇబ్బందీ కనిపించలేదు. కాకపోతే యూనిటీ డెస్క్‌టాప్ పోయి గ్నోమ్ వచ్చింది. అది అలవాటు కాక, పాత 16.04నే మళ్లీ వేసుకుందామని పెన్‌డ్రైవ్ సిద్ధం చేశాడు. అది పెట్టి ఎన్నిసార్లు ఆన్ చేసినా ల్యాప్‌టాప్ దాన్ని పట్టించుకోవడం లేదు. నేరుగా 17.10లోకే పోతోంది. బూట్ వరస మారుద్దామంటే, మార్పు నిలవడం లేదు.

ఈ కుర్రాడు ఒక్క మనిషి కాదు. ఆ శీతాకాలంలో ఇలా చిక్కుకున్నవాళ్ల అనుభవాలను కలిపి కూర్చిన పాత్ర. యంత్రానికి జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతున్నాను.

రిపేరు షాపతను వెనక మూత విప్పి చూశాడు. “బయోస్ పోయింది తమ్ముడూ. బోర్డు మార్చాలి.”

“పోతే అసలు ఆన్ కాకూడదు కదన్నా?”

“అవుతోంది కానీ సేవ్ కావట్లేదుగా. పోనీ, డిస్క్ ఫార్మాట్ కొట్టి చూద్దామా?”

డిస్క్‌లో ప్రాజెక్టు రిపోర్టు ఉంది. “వద్దన్నా, ముందు కాపీ తీసుకుంటా” అని ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేశాడు. ల్యాప్‌టాప్‌ను కాపాడింది ఆ ‘వద్దు’ అన్న మాటే.

అసలు జరిగింది ఇదీ. మదర్‌బోర్డు మీద వేలిగోరంత చిప్ ఒకటి ఉంటుంది. ఆన్ చేయగానే మొదట నడిచే బయోస్, దాని సెట్టింగులు, దేన్నుంచి బూట్ కావాలన్న వరస, అన్నీ అందులోనే. ఇంటెల్-ఎస్పీఐ అనే డ్రైవర్‌కు ఆ చిప్‌ను నేరుగా తాకే శక్తి ఉంది. ఏం చేస్తున్నారో తెలియకపోతే దీన్ని ఎంచుకోవద్దనీ, చిప్‌లో రాత చెడితే యంత్రం బూటే కాకపోవచ్చనీ దాని వివరణలోనే హెచ్చరించారు. అలాంటిదాన్ని 17.10కు గుండెకాయలాంటి 4.13 కెర్నల్‌లో కలిపి అందరికీ పంపారు! లెనోవో యోగా, ఐడియాప్యాడ్, జీ50, వై50 వంటి రకాల్లో, కొన్ని ఏసర్, తోషిబా యంత్రాల్లో దానివల్ల చిప్‌కు తాళం పడింది. ఉన్నది చదవొచ్చు, కొత్తగా ఒక్క అక్షరం రాయలేం. డబ్బు పెట్టి కొనుక్కున్న యంత్రం యజమాని మాట వినకుండా పోయింది. ఇందులో వాడినవాళ్ల తప్పు రవ్వంత కూడా లేదు.

డిసెంబర్ మూడో వారంలో ఉబుంటును తయారుచేసే కెనానికల్ సంస్థ 17.10 డౌన్‌లోడ్‌ను ఆపేసింది. ఆ డ్రైవర్ తీసేసిన కెర్నల్‌ను అప్‌డేట్‌గా పంపింది. దాంతో కొత్త యంత్రాలు పాడవడం ఆగింది కానీ, అప్పటికే తాళం పడినవి అలాగే ఉండిపోయాయి. కొందరు బోర్డులు మార్పించుకున్నారు. చేయి తిరిగినవాళ్లు చిప్‌కు క్లిప్ బిగించి, ప్రోగ్రామర్‌తో బయోస్‌ను తిరగరాసుకున్నారు.

చివరికి విరుగుడు కూడా కెర్నల్‌లోనే దొరికింది. ఆ డ్రైవర్‌ను సరిచేసిన 4.15 కెర్నల్‌ను బూట్ చేస్తే, చిప్‌కు పడ్డ తాళం ఊడుతుంది. అయితే ఆ కెర్నల్ నడవాలంటే డిస్క్‌లో బూటయ్యే లినక్స్ ఉండాలి. పెన్‌డ్రైవ్ దారి మూసుకుపోయింది కదా! కంగారులో ఉబుంటును తుడిచేసినవాళ్లు తమకు మిగిలిన ఒకే ఒక్క సులువైన దారిని తామే మూసుకున్నారు. పాపం, వాళ్లకు ముందుగా చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు.

మన కుర్రాడి డిస్క్ భద్రంగానే ఉంది. ముందు రిపోర్టును వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాడు. కెర్నల్ ప్యాకేజీలు దించి టెర్మినల్‌లో ఇన్‌స్టాల్ చేశాడు. గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిచి 4.15ను ఎంచుకున్నాడు. డెస్క్‌టాప్ పూర్తిగా వచ్చేదాకా ఆగి రీస్టార్ట్ చేశాడు. ఎఫ్2. బూట్ వరసలో యూఎస్‌బీని పైకి తెచ్చాడు. ఎఫ్10. ఊపిరి బిగబట్టి చూస్తుంటే పెన్‌డ్రైవ్ లైటు మినుకుమంది.

“అమ్మా!”

“ఏమైందిరా?” వంటింట్లోంచి కేక.

“బాగైపోయిందమ్మా!”

ఆ డ్రైవర్ లేకుండా సరిచేసిన 17.10.1 2018 జనవరి 12న విడుదలైంది. అప్పట్లో బోర్డు పోయిందన్నారని అటకెక్కించిన ల్యాప్‌టాప్ మీ ఇంట్లోనూ ఉంటే దయచేసి పాత సామాన్లవాడికి వేయకండి. అది ఇంకా ఉబుంటులోకి బూటవుతుంటే ఫార్మాట్ జోలికి వెళ్లకుండా, ముందు మీ ఫైళ్లు కాపీ చేసుకుని, ఆ సరిచేసిన 4.15 కెర్నల్‌తో ఒక్కసారి ఆన్ చేసి చూడండి.