గొలుసు కొలవని కొండ: నల్లమల చెంచుల సామూహిక హక్కు

1800లో నిజాం నుంచి కంపెనీకి సంక్రమించిన దత్తమండలాలలో థామస్ మన్రో పొలాలను 33 అడుగుల గొలుసుతో కొలిపించాడు. గొలుసు చదరం గుంట, 40 గుంటలు ఎకరం. సేద్యానికి పనికిరాని కొండలు, రాతినేలలు ఆ కొలతకు ఎక్కలేదు. (కర్నూలు నవాబు జాగీరు 1839 దాకా కంపెనీ ప్రత్యక్ష పాలనకు వెలుపలిదే.) శిస్తు కోసం పుట్టిన లెక్కలో శిస్తు రాని నేలకు చోటెక్కడిది?

నల్లమల చెంచులు తేనెకు, దుంపలకు తిరిగేది అటువంటి నేలపైనే. అటవీ వనరులపై సామూహిక హక్కును 2006 చట్టం గుర్తించింది; హద్దులను నేడు జీపీఎస్‌తో నమోదు చేయవచ్చు. అయితే ఉపగ్రహ చిత్రంలో దున్నిన చేను కనబడుతుంది, తేనెపట్టు దించిన చెట్టు కనబడదు. ఉపగ్రహ చిత్రాలు ఇతర సాక్ష్యాలకు తోడు కావాలే తప్ప వాటి స్థానాన్ని ఆక్రమించరాదన్న 2012 సవరణ నిబంధన ఇక్కడే కీలకం. గూడెం పెద్దలు చెప్పగా రాసుకున్న వాంగ్మూలాన్ని కూడా ఆ నిబంధనలు సాక్ష్యంగానే పరిగణిస్తాయి.