ఇత్తడి గొట్టమున నాదస్వరము

బెల్జియము దేశీయుడైన అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్ నగరమున పేటెంటు పొందిన సాక్సఫోను ఇత్తడిదే యైనను, ఒంటి రెల్లు పీకతో పలుకునది గనుక క్లారినెట్టుకు తోబుట్టువుగానే పరిగణింపబడుచున్నది. సైనిక బాండులలో పెరిగి, అమెరికాలో జాజ్ సంగీతమునకు కంఠమైన ఆ వాద్యము మైసూరు రాజభవనపు బాండులో మ్రోగుచుండగా ఒక నాదస్వర విద్వాంసుని కుమారుడు విని, మరి మరువలేకపోయెను. అతడే కద్రి గోపాలనాథ్.

దక్షిణ కన్నడ జిల్లాలో, బంట్వాళ ప్రాంతపు సజీపమూడ గ్రామములో 1949లో జన్మించిన గోపాలనాథ్, తండ్రి తనియప్పవద్ద మొదట నేర్చినది నాదస్వరమే. ఈ సంగతిని నేను ప్రధానముగా భావింతును. ఏలయన, నాదస్వరమున వ్రేలు నేరుగా రంధ్రమును తాకును. రంధ్రమును సగము మూసియు, పెదవి బిగించి సడలించియు వాదకుడు ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు నీటివలె జారగలడు. సాక్సఫోనులో వ్రేలికిని రంధ్రమునకును నడుమ మీటలు, మూతలు ఉన్నవి; మీట నొక్కినచో మూత పడును, వదలినచో లేచును, స్వరములు మెట్లవలె విడివిడిగా నిలుచును. తోడి రాగములోని గాంధారమును కదలిక లేక నిలిపినచో అది తోడి యగునా? స్వరమును కదలించి జార్చుచు పలికించునదియు, కర్ణాటక సంగీతమునకు ప్రాణమునైన గమకమునకే ఆ యంత్రనిర్మాణము అడ్డుగోడయై నిలిచెను. గోపాలనాథ్ కొన్ని మీటలను మార్పించుకొని, తక్కిన భారమునంతయు ఊపిరిపైనను పెదవిపైనను మోపి, ఏండ్ల తరబడి సాధన చేసి, తండ్రి వాద్యమునందలి జారును ఈ వాద్యమునకు నేర్పెను.

మంగళూరు కళానికేతనములో గోపాలకృష్ణ అయ్యరువద్దను, పిమ్మట మద్రాసులో గాయకుడును మృదంగ విద్వాంసుడునైన టి.వి. గోపాలకృష్ణన్ వద్దను ఆయన శిక్షణ పొందెను. గాయకుని శిష్యుడగుట వాద్యమునకు మేలయ్యెను. గాత్రమును అనుసరింపని వాద్యమునకు మన సభలలో నిలుకడ లేదు. పాశ్చాత్యుల వయొలిన్‌ను బాలుస్వామి దీక్షితులు (1786–1858) మన సంగీతమునకు అలవరచిన పిమ్మట అది ప్రతి కచేరికిని అనివార్యమైన పక్కవాద్యమైనది గదా! ఆ వయొలిన్ సంప్రదాయమునకు పేరుగాంచిన విజయనగరమున పుట్టిన ఎ. కన్యాకుమారి, గోపాలనాథ్ సరసన చిరకాలము వయొలిన్ వాయించుట మనకు సంతోషకరమైన విషయము.

1980లో బొంబాయి జాజ్ ఉత్సవమున అమెరికా సాక్సఫోను విద్వాంసుడు జాన్ హ్యాండీ ఆయన వాద్యము విని, తనతో కలసి వాయింపుమని కోరెను. జాజ్ వాదకునకు తక్షణ కల్పనయే జీవము. మన విద్వాంసునకు రాగాలాపన, స్వరకల్పన నిత్యకృత్యములు. ఒకరి భాష మరియొకరికి రాకున్నను, అప్పటికప్పుడు అల్లుకొనుట ఇరువురికిని తెలిసిన విద్యయే. తరువాత ప్రాగ్, బెర్లిన్ జాజ్ ఉత్సవములు ఆయనను ఆహ్వానించినవి. 1994లో లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలున బి.బి.సి. ప్రామినేడ్ కచేరికి ఆహ్వానింపబడిన తొలి కర్ణాటక విద్వాంసుడాయనయే. ఆ యేడే కె. బాలచందర్ తమిళ చిత్రము ‘డ్యూయెట్’లో, ఎ.ఆర్. రహమాన్ సంగీతమున, కథానాయకుని సాక్సఫోనుకు ఆయన ఊపిరి పోసెను. కచేరి గడప నెన్నడును త్రొక్కని జనులును ఆ నాదమును గుర్తుపట్టిరి. 2008లో జాజ్ సాక్సఫోను వాదకుడైన రుద్రేశ్ మహంతప్పతో ‘కిన్స్‌మెన్’ ఆల్బమును వెలువరించునాటికి, ఆ జాజ్ వాదకుడే ఈయన బాణీని వెదకికొని వచ్చియుండెను.

2004లో పద్మశ్రీ పొందిన ఈ విద్వాంసుడు 2019 అక్టోబరు 11న మంగళూరులో కన్నుమూసెను. వేదికపై పద్మాసనముననే కూర్చుండి, మెరయు ఆ లోహమును నాదస్వరమువలె ముందునకు పట్టి, ఆయన త్యాగరాజ కృతి నెత్తుకొన్నప్పుడు, తెలుగు శ్రోత పల్లవిలోని మాటలను లోలోపల పలుకుకొనుచు తాళము వేయుచుండెడివాడు.