గాలి, నీరు, ఒక ఇల్లు

ఫెంగ్ షుయ్ అనగానే మనకి లాఫింగ్ బుద్ధ, వెదురు మొక్క గుర్తొస్తాయి. చైనాలో ఆ మాటకి అర్థం గాలి, నీరు. మొదట్లో అది ఎక్కువగా పెద్దల సమాధికి చోటు చూసే విద్య. గువో పు (276–324) పేరు మీదున్న పాత పుస్తకం పేరే ‘ఖనన గ్రంథం’.

ఇళ్ళ సంగతికొస్తే, మన మండువా లోగిళ్ళలాంటి బీజింగ్ పాత ఇళ్ళు నాకు భలే నచ్చాయి. పెద్దవాళ్ళ గదులు ఉత్తరం వైపు కట్టి, వాకిలి దక్షిణానికి పెట్టేవారు. చలికాలం ఎండ గది లోపలిదాకా వస్తుంది, ఉత్తరపు చలిగాలికి వెనకగోడ అడ్డు. వీధి గుమ్మం దాటగానే ఇంకో అడ్డుగోడ. దెయ్యాలు రాకుండా అంటారు. దారిన పోయేవాళ్ళ చూపు పడకుండా కూడానేమో!

అదంతా బీజింగ్ చలికి కుదిరిన ఏర్పాటు. మా విజయవాడ ఎండలకి నేను పడమటి కిటికీకి వట్టివేళ్ళ తడక కట్టించాను. లాఫింగ్ బుద్ధని మాత్రం ఇంకా కొనలేదు.