చేదే దాని చిరునామా

ఉగాదినాటి వేపపువ్వు తప్పిస్తే చేదును మనం వంటింటి గడప తొక్కనివ్వం. కాకరకాయకు కూడా బెల్లం పెట్టి మంచి చేసుకునేవాళ్ళమే! కానీ ఒక చెట్టు చరిత్ర తెలిస్తే, చేదును అంత చులకన చెయ్యకూడదనిపిస్తుంది.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్ళేవాళ్ళు రాముడి కోసం వెళతారు గాని, దారి పక్క చెట్లను పలకరించరు. అక్కడి అడవిలో టేకు, ఇప్ప, తునికి చెట్ల మధ్య తెల్లటి పువ్వులు పూసే, తుంపితే పాలుకారే చిన్న చెట్టొకటి ఉంటుంది. పేరు కొడిశపాల. సంస్కృతంలో కుటజం. ఆయుర్వేదం షాపులో మనం కొనే కుటజారిష్టం దీని బెరడుతో చేసేదే. జిగట విరేచనాలకు ఇది మందని చరక సంహిత నాటికే తెలుసు. గోదావరి ఒడ్డున కోయవారికి ఏ పుస్తకంతోనూ పనిలేకుండానే తెలుసు.

18వ శతాబ్దంలో ఈ బెరడు మలబారు తీరంలోని తలశ్శేరి పేరుతో ఓడలెక్కి ఐరోపా చేరింది. మొదట్లో మంచి పేరే వచ్చింది. తర్వాత పోయింది. ఎందుకంటారా? అచ్చం ఇలాగే పాలుకారే, ఇలాగే తెల్లగా పూసే చుట్టం ఒకటుంది దీనికి. అదే అంకుడు. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసేది ఆ కర్రతోనే. అమ్మేవాళ్ళు రెండు బెరడులూ కలిపేశారు. అంకుడు బెరడు గుణమివ్వకపోతే నింద కొడిశపాల మీద పడింది. 1858లో హెయిన్స్ అనే ఆయన ఈ బెరడులోని అసలు సారాన్ని విడదీశాడు. దాని పేరు కొనెస్సైన్. చివరికి ఆ సారానికి కూడా ‘రైటైన్’ అని ఇంకో పేరు తగిలించారు. అంకుడి శాస్త్రీయమైన ఇంటిపేరు రైటియా మరి!

నిజానికి తేడా కనిపెట్టడానికి నాలుక చాలు. కొడిశపాల గింజలు కటిక చేదు. అంకుడు గింజల్ని ఉత్తరాది బజార్లలో ‘తీపి ఇంద్రయవలు’ అంటారు. మనం మొహం చిట్లించే ఆ చేదే మందు చిరునామా అన్నమాట.

1875లో రష్యాలో లోష్ అనే వైద్యుడు అమీబాను, 1897లో జపానులో షిగా బాక్టీరియాను చూశాక, జిగట విరేచనాల వెనక ఉన్నది ఒక శత్రువు కాదని తేలింది. 1920లలో కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో రామనాథ్ చోప్రా ఈ బెరడును పరీక్షకు పెట్టారు. బెంగాలీలో దీన్ని ‘కుర్చి’ అంటారు. మనం కూర్చునేది కాదు లెండి! కొనెస్సైన్ అమీబా మీద పనిచేసింది. కాని ఆ సారాన్ని విడిగా ఇచ్చినప్పుడు కొందరికి నిద్ర పట్టలేదు, మనసు కలతపడింది. 1966లో మెట్రోనిడజోల్ అమీబాను అణుస్తుందని తేలాక, కొడిశపాల డాక్టర్ల చీటీల్లోంచి తప్పుకుంది.

తర్వాత ప్రయోగశాలల్లో ఈ బెరడు సారం గాజుపళ్ళెంలోని ఈకోలై వంటి బాక్టీరియాను కూడా ఎదగనివ్వలేదు. అయితే మన పేగు గాజుపళ్ళెం కాదు కదా! అక్కడ తిన్నది అరగడానికి సాయపడే, విటమిన్లు తయారుచేసే మంచి బాక్టీరియా లక్షల కోట్లలో కాపురముంటుంది. దొంగను కొట్టే కర్ర ఇంట్లోవాళ్ళకీ తగలొచ్చు. అందుకే ‘చెట్టుమందేగా, ఏమవుతుంది’ అని పసిపిల్లల మీద సొంతవైద్యం చెయ్యకండి. విరేచనాలైతే ముందు ఓఆర్ఎస్ నీళ్ళు, ఆపైన డాక్టరు. నెత్తురు కనిపిస్తే క్షణం ఆలస్యం వద్దు.

ఇంకొక్క మాట. బెరడు చెట్టుకు చర్మంలాంటిది. చుట్టూ ఒలిచేస్తే చెట్టు నిలువునా ఎండిపోతుంది. మన సీసాల గిరాకీ పెరిగేకొద్దీ ఆ కత్తి పడేది అడవిలోనే. కొడిశపాల ఒక్కటే పోతే అంకుడుతో బొమ్మలైనా చేసుకుంటాం. కానీ ఏది కొడిశపాలో, ఏది అంకుడో నాలుకతో తేల్చిచెప్పే కోయ అవ్వ నేర్పు కూడా దాంతోపాటే పోతుంది. ఓడల వర్తకులకు కరువైంది సరిగ్గా ఆ నేర్పే.