మెదక్ పల్లెలకు ఒక్క ఏడాది వచ్చిన టీవీ

మెదక్ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాం. కొత్త ఫోన్ గానీ, కొత్త యాప్ గానీ లాంచ్ అయితే మనం ముందు అడిగేది ఒకటే: "రేటెంత? ఫ్రీనా?" ఈ ఎపిసోడ్‌లో ఇంకో ప్రశ్న కూడా అడుగుదాం: "రేపు దీన్ని ఆపేసే స్విచ్ ఎవరి చేతిలో ఉంది?" ఈ ప్రశ్న మన జిల్లాకు 50 ఏళ్ల కిందటే ఎదురైంది. ఆ కథే ఇవాళ చెప్పుకుందాం.

అది 1975 ఆగస్టు 1. అప్పటికి హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం లేదు. మద్రాసు మహానగరానికి టీవీ వచ్చిందే అదే నెల 15న. కానీ ఉమ్మడి మెదక్ జిల్లాలో ఎంపిక చేసిన కొన్ని పల్లెల్లో మాత్రం, అంతకు రెండు వారాల ముందే టీవీ వెలిగింది. అది కూడా నేరుగా శాటిలైట్ నుంచి!

ఆ ప్రయోగం పేరు శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్, పొట్టిగా సైట్. 6 రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలను ఎంచుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో మెదక్‌తో పాటు హైదరాబాద్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల ఊళ్లు అందులో ఉన్నాయి. శాటిలైట్ అమెరికా సంస్థ నాసాది, పేరు ఏటీఎస్-6. నేల మీద పని ఇస్రోది. కార్యక్రమాలు చాలావరకు ఆకాశవాణివి. టీవీ సెట్లు మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారయ్యాయి.

యాంటెన్నా ఎలా ఉండేదో తెలుసా? కోళ్ల గూటికి కట్టే జాలీ లాంటి తీగతో చేసిన 10 అడుగుల గొడుగు. ఇంటింటికీ కాదు, ఊరికి ఒక సెట్టు. రోజుకు మొత్తం 4 గంటలు: పొద్దున బడి పిల్లలకు గంటన్నర, సాయంత్రం పెద్దవాళ్లకు రెండున్నర గంటలు. వ్యవసాయం, ఆరోగ్యం, వార్తలు, ఆటపాటలు. ఇంకో విశేషం ఏంటంటే, ఒకే బొమ్మతో పాటు రెండు ఆడియోలు పంపే ఏర్పాటు ఉండేది. అదే బొమ్మ మనకు తెలుగులో మాట్లాడితే, పక్క రాష్ట్రంలో కన్నడలో మాట్లాడేదన్నమాట. ఇవాళ ఓటీటీలో మనం భాష మార్చుకుంటున్నాం కదా, ఆ ఆలోచన అప్పుడే ఉంది.

మొదట్లో జనం విరగబడి చూశారు. తర్వాత గుంపు తగ్గినా, చూసేవాళ్లు చూస్తూనే ఉన్నారు. చదువు రానివాళ్లకు, పేపర్ అందనివాళ్లకు ఇది పెద్ద కిటికీ.

సరిగ్గా ఏడాది. 1976 జులై 31న ప్రయోగం ముగిసింది. ఒప్పందం ప్రకారం నాసా తన శాటిలైట్‌ను వెనక్కి తీసుకుపోయింది. ఇందులో మోసమేమీ లేదు, ఏడాదికే అని ముందే రాసుకున్నారు. కానీ ఊళ్లో కూర్చుని చూసినవాళ్ల వైపు నుంచి ఆలోచించండి. సెట్టు వాళ్ల దగ్గరే ఉంది, గొడుగు ఉంది, కరెంటు ఉంది. బొమ్మ మాత్రం పైనుంచి రావాలి. ఆ పైది వాళ్లది కాదు.

మన దేశం ఆ పాఠం నేర్చుకుంది. 1983లో ఇన్సాట్-1బి పైకి వెళ్లింది. దాన్ని తయారు చేసింది అమెరికా కంపెనీయే, మోసుకెళ్లింది అమెరికా స్పేస్ షటిలే. కానీ యజమాని మాత్రం మనమే. తేడా అక్కడుంది.

ఇప్పుడు అదే ఉమ్మడి జిల్లాలో జహీరాబాద్ వైపు వెళ్దాం. అక్కడి పస్తాపూర్ దగ్గర, డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు రేడియో పెట్టుకోవాలనుకున్నారు. ఎక్కువ మంది దళిత మహిళా రైతులు. 1998 నాటికే మాచనూర్‌లో స్టూడియో సిద్ధం. లైసెన్స్ మాత్రం లేదు. మరి ఏం చేశారు? కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘాల మీటింగుల్లో వినిపించారు. అలా 10 ఏళ్లు! చివరికి 2008 అక్టోబర్ 15న సంగం రేడియో 90.4 ఎఫ్‌ఎంలో గాలిలోకి వచ్చింది. విత్తనాలు, చిరుధాన్యాలు, పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే. మైకూ వాళ్లదే, మాటా వాళ్లదే. టీవీ అంత మెరుపు లేదు. కానీ ఏం వినిపించాలో వాళ్లే తేల్చుకున్నారు.

ఇక మనం చూసిన లాంచ్. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. డేటా ఫ్రీ అన్నారు: ముందు డిసెంబర్ 31 వరకు, తర్వాత 2017 మార్చి 31 వరకు. ఆ తర్వాత రీఛార్జ్. అప్పటికే మన ఫొటోలు, పాటలు, చదువు, చెల్లింపులు ఆన్‌లైన్‌కు అలవాటు పడ్డాయి. అలవాటు ఫ్రీగానే అయింది, మానుకోవడమే కష్టం. మేలు జరగలేదని అనట్లేదు. మీరు ఈ మాటలు చదువుతున్నదీ ఆ చవక డేటా వల్లే కావచ్చు.

కాబట్టి ఈసారి కొత్తది ఏదైనా చేతిలోకి వస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఫ్రీ ఎప్పటిదాకా? ఆగిపోతే నా ఫొటోలు, నా పని నాకు తిరిగొస్తాయా? ఇందులో నేను చూసేవాణ్ణేనా, చెప్పేవాణ్ణి కూడానా?

చివరగా ఒక చిన్న పని. 1975లో పదేళ్లున్న పిల్లలకు ఇప్పుడు అరవై దాటాయి. మీ ఇంట్లో తాతనో, అమ్మమ్మనో అడగండి: "మీ ఊరికి గొడుగు టీవీ వచ్చిందా?" అని. వచ్చిందంటే, ఆ మాటలు ఫోన్‌లో రికార్డ్ చేసి దాచుకోండి. టీవీ వెళ్లిపోయింది. చూసినవాళ్ల జ్ఞాపకం కూడా పోకముందే పట్టుకుందాం.