విహార నౌకాయాన సంస్థ ఎంపిక

విహార నౌకాయానం అనగా ఒక చోటి నుండి మరొక చోటికి చేరుకోవడం కోసం కాక, నౌకలోనే బస చేస్తూ, దారిలోని రేవులను దర్శిస్తూ సాగించే సముద్రయానం. వాడుకలో దీనిని క్రూయిజ్ అని పిలుస్తారు. ఇటువంటి యాత్రలను నిర్వహించే వాణిజ్య సంస్థను విహార నౌకాయాన సంస్థ లేదా క్రూయిజ్ లైన్ అంటారు. రైలులోగాని, విమానంలోగాని ప్రయాణికుడు ప్రధానంగా కొనేది ఒక సీటును. విహార నౌకలో గది, భోజనం, వినోదం, రవాణా ఒకే చెల్లింపులో కలిసి వస్తాయి. నౌక బయలుదేరిన తరువాత వీటిలో దేనినైనా మార్చుకొనే వీలు దాదాపు ఉండదు. అందువలన సంస్థను ఎంచుకొనేటప్పుడు ఆహారం, సేవ, యాత్రామార్గం అనే మూడు అంశాలను ముందుగానే తూచి చూడవలసి ఉంటుంది.

చరిత్ర

1844లో బ్రిటన్‌కు చెందిన పెనిన్సులర్ అండ్ ఓరియంటల్ సంస్థ సౌతాంప్టన్ నుండి జిబ్రాల్టర్, మాల్టా, ఏథెన్స్ వంటి చోట్లకు విహారయాత్రలను ప్రకటించినది. కలకత్తాలో జన్మించిన ఆంగ్ల నవలాకారుడు విలియం మేక్‌పీస్ థాకరే అదే సంవత్సరం ఆ సంస్థ నౌకలలో కైరో వరకు ప్రయాణించి, ఆ అనుభవాలను 1846లో గ్రంథంగా ప్రచురించాడు. 1891లో జర్మనీకి చెందిన హాంబర్గ్-అమెరికా సంస్థ ఆగస్టా విక్టోరియా నౌకను చలికాలంలో మధ్యధరా సముద్ర విహారానికి పంపినది. విహారం కోసమే ప్రత్యేకంగా నిర్మించిన తొలి నౌకగా పేరు పొందిన ప్రింజెస్సిన్ విక్టోరియా లూయిసె కూడా ఈ సంస్థదే. 1900లో జలప్రవేశం చేసిన ఈ నౌక 1906లో జమైకా తీరాన ప్రమాదానికి గురై నాశనమైనది.

1958లో అట్లాంటిక్ మీదుగా జెట్ విమానాలు మొదలైన తరువాత ప్రయాణ నౌకలకు గిరాకీ తగ్గినది. నౌకాసంస్థలు క్రమంగా విహారయాత్రల వైపు మళ్ళాయి. నేటి నార్వేజియన్ సంస్థ 1966లోను, రాయల్ కరీబియన్ 1968లోను, కార్నివాల్ 1972లోను ఆరంభమయ్యాయి. ఈ మూడింటికీ మయామీ కేంద్రమైనది. 1977 నుండి 1986 వరకు అమెరికాలో ప్రసారమైన ది లవ్ బోట్ అనే టెలివిజన్ ధారావాహిక ఈ యాత్రలను సామాన్య కుటుంబాలకు పరిచయం చేసినది.

సంస్థలు, తరగతులు

పేర్లు అనేకం ఉన్నప్పటికీ యాజమాన్యాలు కొద్దిగానే ఉన్నాయి. కార్నివాల్ కార్పొరేషన్ కింద కార్నివాల్, ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, క్యునార్డ్, కోస్టా, సీబోర్న్ మొదలైనవి ఉన్నాయి. రాయల్ కరీబియన్ గ్రూపు కింద రాయల్ కరీబియన్, సెలెబ్రిటీ, సిల్వర్‌సీ ఉన్నాయి. నార్వేజియన్ గ్రూపు కింద నార్వేజియన్, ఓషియానియా, రీజెంట్ సెవెన్ సీస్ ఉన్నాయి. జెనీవా కేంద్రంగా గల ఎం.ఎస్.సి. ఒక కుటుంబ యాజమాన్యంలో ఉన్నది.

వీటిని సాధారణంగా క్రింది తరగతులుగా విభజిస్తారు.

* సామాన్య తరగతి: కార్నివాల్, రాయల్ కరీబియన్, నార్వేజియన్, ఎం.ఎస్.సి., కోస్టా. నౌకలు పెద్దవి. పిల్లలతో వెళ్ళే కుటుంబాలకు అనువైనవి.
* మేలు తరగతి: హాలండ్ అమెరికా, ప్రిన్సెస్, సెలెబ్రిటీ, క్యునార్డ్. పెద్ద వయసువారు ఎక్కువగా కనిపిస్తారు.
* విలాస తరగతి: సీబోర్న్, సిల్వర్‌సీ, రీజెంట్. నౌకలు చిన్నవి. పానీయాలు, సిబ్బందికిచ్చే బహుమానాలు సాధారణంగా టికెట్టులోనే కలిసి ఉంటాయి.
* అన్వేషణ యాత్రలు: అంటార్కిటికా, ఆర్కిటిక్ వంటి ప్రాంతాలకు వెళ్ళే చిన్న నౌకలు.
* నదీ విహారాలు: డాన్యూబ్, రైన్, నైలు నదుల మీద నడిచే నౌకలు.

ఆహారం

పెద్ద నౌకలో భోజనం మూడు విధాలుగా లభిస్తుంది. మొదటిది ప్రధాన భోజనశాల. ఇక్కడ బల్ల వద్దకు వచ్చి వడ్డిస్తారు. రెండవది ఎవరికి వారు వడ్డించుకొనే బఫే. ఈ రెండూ టికెట్టు ధరలో భాగం. మూడవది ప్రత్యేక భోజనశాల. దీనికి వేరుగా రుసుము చెల్లించాలి. ప్రకటనలలోని బొమ్మలు తరచుగా ఈ మూడవ రకానివి. కనుక టికెట్టులో చేరిన భోజనశాలలు ఎన్ని, వేరుగా చెల్లించవలసినవి ఎన్ని అని విడదీసి చూడటం మొదటి పని.

పూర్వం రాత్రి భోజనం రెండు పంక్తులుగా, నిర్ణీత వేళకు, నిర్ణీత బల్ల వద్ద జరిగేది. అనేక సంస్థలు ఈ పద్ధతిని నేటికీ ఒక ఎంపికగా ఉంచాయి. ఇష్టమైన వేళకు, ఇష్టమైన చోట భోజనం చేసే పద్ధతిని నార్వేజియన్ సంస్థ 2000లో ప్రచారంలోకి తెచ్చినది. మొదటి పద్ధతిలో ఒకే వడ్డనకారుడు రోజూ వస్తాడు గనుక ప్రయాణికుని అలవాట్లు అతనికి తెలుస్తాయి. రెండవ పద్ధతిలో స్వేచ్ఛ ఎక్కువ, కాని రద్దీవేళ నిరీక్షణ తప్పకపోవచ్చు. క్యునార్డ్ నౌకలలో గది తరగతిని బట్టి భోజనశాల కూడా మారుతుంది. ఓషియానియా సంస్థ వంటకే ప్రథమ స్థానమిస్తుందని పేరు పొందినది. ఫ్రెంచి పాకశాస్త్ర నిపుణుడు జాక్ పెపాఁ ఈ సంస్థ వంటల రూపకల్పనకు సారథ్యం వహించాడు.

శాకాహారులు మరింత జాగ్రత్తగా విచారించాలి. పాశ్చాత్య వంటశాలలలో శాకాహారమంటే గుడ్లు, జున్ను కలిసినది కావచ్చు. కూరగాయల సూపును మాంసరసంతో కాయడమూ ఉన్నది. కొన్ని పెద్ద సంస్థలు ప్రధాన భోజనశాలలో భారతీయ శాకాహార వంటకాన్ని ఏర్పాటు చేస్తాయి. కార్నివాల్ ఇందుకు ప్రసిద్ధి. భారతీయ ప్రయాణికులు ఎక్కువగా ఉండే నౌకలలో జైన భోజనం కూడా లభిస్తుంది. ఇటువంటి అవసరాన్ని టికెట్టు కొన్నప్పుడే వ్రాతపూర్వకంగా తెలిపి, నౌక ఎక్కిన మొదటి రోజున భోజనశాల అధికారికి మళ్ళీ గుర్తుచేయడం మంచిది. అగ్నిప్రమాద భయం వలన గదిలోకి రైస్ కుక్కర్, విద్యుత్ పొయ్యి వంటివి అనుమతించరు. ఇంట వండిన ఆహారాన్ని చాలా సంస్థలు నిషేధిస్తాయి. సీలు వేసిన తినుబండారాల పొట్లాలను సాధారణంగా అనుమతిస్తాయి. అయితే నౌకలోని పండ్లను, మాంసాహారాన్ని రేవులో దించడం అనేక దేశాలలో నేరం.

సేవ

సేవను అంచనా వేయుటకు రెండు నిష్పత్తులు వాడుకలో ఉన్నాయి. మొదటిది ఒక సిబ్బందికి ఎందరు ప్రయాణికులు అనేది. ఐకాన్ ఆఫ్ ది సీస్ నౌకలో 5,610 మంది ప్రయాణికులకు సుమారు 2,350 మంది సిబ్బంది, అనగా ఒకరికి 2.4 మంది. రీజెంట్ సంస్థకు చెందిన సెవెన్ సీస్ ఎక్స్‌ప్లోరర్‌లో ఇది సుమారు 1.4.

రెండవది స్థల నిష్పత్తి. నౌక స్థూల టన్నేజీని ప్రయాణికుల సంఖ్యతో భాగిస్తే ఇది వస్తుంది. స్థూల టన్నేజీ అనేది నౌక బరువు కాదు. అది నౌక లోపలి ఘనపరిమాణాన్ని బట్టి లెక్కించే సంఖ్య. కనుక ఈ నిష్పత్తి ఎక్కువైన కొద్దీ ఇరుకు తక్కువ. క్రింది లెక్కలు గదికి ఇద్దరు చొప్పున వేసినవి.

* ఐకాన్ ఆఫ్ ది సీస్ (2024): టన్నేజీ సుమారు 2,48,600, ప్రయాణికులు 5,610, నిష్పత్తి 44
* క్వీన్ మేరీ 2 (2004): టన్నేజీ సుమారు 1,49,200, ప్రయాణికులు 2,691, నిష్పత్తి 55
* సెవెన్ సీస్ ఎక్స్‌ప్లోరర్ (2016): టన్నేజీ సుమారు 55,200, ప్రయాణికులు సుమారు 750, నిష్పత్తి సుమారు 74

దీనిని బట్టి అతి పెద్ద నౌకే అతి విశాలమైనది కాదని తెలుస్తుంది.

సేవ నాణ్యత సిబ్బంది స్థితిగతుల మీద కూడా ఆధారపడుతుంది. వీరిలో ఫిలిప్పీన్స్, భారత్, ఇండోనేషియా దేశస్థులు ఎక్కువ. నెలల తరబడి సాగే ఒప్పందాల మీద, వారానికి ఏడు రోజులూ పనిచేయడం సాధారణం. 2013లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒడంబడిక పనివేళలకు రోజుకు 14 గంటలు, వారానికి 72 గంటలు మించని పరిమితిని ఒక ప్రమాణంగా పేర్కొన్నది. అమెరికా సంస్థలు అనేకం తలకు రోజుకింత అని బహుమానాన్ని బిల్లులో చేరుస్తాయి. అది సిబ్బంది ఆదాయంలో ముఖ్య భాగం. కాబట్టి దానిని టికెట్టు ధరలో ఒక అంశంగానే ముందుగా లెక్కించుకోవాలి.

యాత్రామార్గం

మార్గాన్ని పరిశీలించేటప్పుడు రేవుల సంఖ్య కంటే రేవులో గడిపే గంటల సంఖ్య ముఖ్యం. పట్టికలో రోమ్ అని ఉన్నా నౌక ఆగేది చివిటావెక్కియాలో. అక్కడి నుండి రోమ్ నగరం సుమారు 80 కిలోమీటర్లు. ఫ్లారెన్స్ అని ఉంటే ఆగేది సాధారణంగా లివోర్నోలో. ఉదయం 8 గంటలకు చేరి సాయంత్రం 6 గంటలకు బయలుదేరే నౌకలో రానుపోను ప్రయాణం పోగా మిగిలే సమయం తక్కువ. శాంటోరిని వంటి చోట పెద్ద నౌక ఒడ్డుకు చేరలేదు. చిన్న పడవలలో దించుతారు. సముద్రం పోటుగా ఉంటే ఆ రేవును వదిలివేస్తారు. నడవలేని పెద్దలకు ఈ పడవలు కష్టమైనవి.

చట్టాలు కూడా మార్గాన్ని నిర్ణయిస్తాయి. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ పతాకం గల నౌక ఆ దేశపు రెండు రేవుల మధ్య ప్రయాణికులను చేరవేయరాదు. పెద్ద విహార నౌకలలో అత్యధికం బహామాస్, పనామా, మాల్టా, బెర్ముడా వంటి దేశాలలో నమోదైనవి. అందుకే సియాటిల్ నుండి అలాస్కా వెళ్ళివచ్చే నౌకలు కెనడాలోని విక్టోరియా వంటి రేవులో ఆగుతాయి. ఆ మజిలీ తరచుగా రాత్రివేళ కొద్ది గంటలే. అలాస్కాలోని గ్లేసియర్ బే జాతీయ పార్కులోకి రోజుకు రెండు పెద్ద విహార నౌకలను మాత్రమే అనుమతిస్తారు. దానిని చూడగోరేవారు అనుమతి గల యాత్రనే ఎంచుకోవాలి. వెనిస్‌లో 2021 ఆగస్టు నుండి 25,000 టన్నేజీ మించిన నౌకలకు జుదెక్కా కాలువలో ప్రవేశం లేదు. అంటార్కిటికాలో 500 మందికి మించి ప్రయాణికులు గల నౌకలు ఎవరినీ ఒడ్డున దించరాదు. ఒక చోట ఒకేసారి ఒడ్డున 100 మందికి మించరాదు.

ఋతువును కూడా గమనించాలి. కరీబియన్ ప్రాంతంలో జూన్ నుండి నవంబరు వరకు తుఫానుల కాలం. ధరలు తగ్గేదీ ఇందులో కొంత కాలమే. అలాస్కా యాత్రలు ప్రధానంగా మే నుండి సెప్టెంబరు వరకు సాగుతాయి. టికెట్టు ఒప్పందంలో రేవులను మార్చే, రద్దు చేసే హక్కును సంస్థలు తమవద్దే ఉంచుకుంటాయి. 2023 చివర ఎర్ర సముద్రంలో నౌకలపై దాడులు మొదలైనప్పుడు పలు యాత్రలు ఆఫ్రికా ఖండాన్ని చుట్టి వెళ్ళాయి, కొన్ని రద్దయ్యాయి.

అసలు ఖర్చు

ప్రకటించే ధర గదికి ఇద్దరు ఉన్నారనే లెక్కన తలకు వేసినది. ఒంటరి ప్రయాణికుడు దాదాపు రెట్టింపు చెల్లించవలసి రావచ్చు. ఒంటరివారి కోసం చిన్న గదులను నార్వేజియన్ ఎపిక్ నౌక 2010లో ప్రవేశపెట్టినది. రేవు సుంకాలు, బహుమానాలు, ఇంటర్నెట్, మద్యం, ఒడ్డున చూసే యాత్రలు చాలా సంస్థలలో అదనం. వీటన్నిటినీ కలిపి చూస్తే సామాన్య తరగతి టికెట్టుకు, అన్నీ కలిసిన టికెట్టుకు మధ్య తేడా పైకి కనిపించినంత ఉండకపోవచ్చు. సంస్థ ఆర్థికస్థితి కూడా గమనింపదగినది. 2022 జనవరిలో మాతృసంస్థ గెంటింగ్ హాంకాంగ్ కుప్పకూలగా విలాస సంస్థ క్రిస్టల్ తన యాత్రలను నిలిపివేసినది. కొత్త యాజమాన్యం కింద ఆ నౌకలు 2023లో తిరిగి ప్రయాణించాయి.

భారతీయ పాస్‌పోర్టు గలవారు ప్రతి రేవు దేశపు వీసా నిబంధనను చూసుకోవాలి. మయామీలో ఎక్కి బహామాస్ వెళ్ళి తిరిగివచ్చేవారికి అమెరికాలో మరల ప్రవేశించగల వీసా ఉండాలి. అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్ళి అక్కడ నుండి విహారానికి బయలుదేరే తెలుగు తల్లిదండ్రులకు ఇది ముఖ్యం. షెంజెన్ దేశాలను దాటి తిరిగి వాటిలోకి వచ్చే మార్గానికి కూడా ఇదే సూత్రం.

ఆరోగ్యం, భద్రత

అమెరికా రేవులకు వచ్చే విహార నౌకలను అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం ముందుగా చెప్పకుండా తనిఖీ చేసి 100కు మార్కులు వేస్తుంది. 86 వస్తే ఉత్తీర్ణత. ఈ ఫలితాలు ప్రజలకు అందుబాటులో ఉంటాయి. నౌకలలో తరచు కనిపించే నోరోవైరస్ వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. దీనికి చేతిద్రావకం కంటే సబ్బుతో కడుగుకోవడమే మేలు. 2020 ఫిబ్రవరిలో యోకొహామా వద్ద డైమండ్ ప్రిన్సెస్ నౌకలోని 3,711 మందిలో 712 మందికి కోవిడ్ సోకినది. 2012 జనవరి 13న ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా మునిగి 32 మంది మరణించారు. ఆ తరువాత బయలుదేరక ముందే, లేదా బయలుదేరిన వెంటనే, ప్రయాణికులందరికీ అత్యవసర శిక్షణ ఇవ్వడం తప్పనిసరి అయినది. నౌకలోని వైద్యానికి వేరుగా చెల్లించాలి. తీవ్రమైన జబ్బు చేసి హెలికాప్టరులో తరలించవలసి వస్తే ఖర్చు చాలా ఎక్కువ. కనుక పెద్దలతో వెళ్ళేవారికి ప్రయాణ బీమా అవసరం.

భారతదేశంలో

ముంబై, గోవా, కొత్త మంగళూరు, కొచ్చి, చెన్నై, విశాఖపట్నం ముఖ్యమైన విహార రేవులు. 2019లో ముంబై నుండి ఆరంభమైన జలేష్ సంస్థ 2020లో మూతపడినది. 2021 సెప్టెంబరులో కోర్డీలియా సంస్థ ఎంప్రెస్ నౌకతో యాత్రలను మొదలుపెట్టినది. ఈ నౌక 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో రాయల్ కరీబియన్‌లో ప్రవేశించినది. 2022 జూన్‌లో ఇది విశాఖపట్నం వచ్చి అక్కడి నుండి పుదుచ్చేరి, చెన్నై యాత్రలు చేసినది. విశాఖపట్నంలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైనది. విహార యాత్రికుల సంఖ్యను 2029 నాటికి రెట్టింపు చేయాలనే లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరు 30న క్రూయిజ్ భారత్ మిషన్‌ను ఆరంభించినది. రెండు, మూడు రాత్రుల దేశీయ యాత్రకు వీసా అవసరం లేదు. నౌకాజీవనం, భోజనం, సముద్రపు కుదుపు తమకు సరిపడతాయో లేదో తక్కువ ఖర్చుతో తెలుసుకొనుటకు ఇవి ఉపయోగపడతాయి.

ఇవి కూడా చూడండి

* ఓడ
* పర్యాటకం
* విశాఖపట్నం ఓడరేవు
* టైటానిక్
* పనామా కాలువ